గుండ్రటి మెట్ల ఇంటి వైరింగు

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది కాగితాల మీద తప్ప ఎక్కడా పలకదు. వీధిలో అందరికీ ఆవిడ టెస్టరమ్మ. మిగతా ఆడవాళ్ళు కొప్పులో పిన్ను గుచ్చుకునే చోట ఆవిడ కరెంటు టెస్టరు గుచ్చుకుంటుంది, అందుకని. ఒకసారి దగ్గరి బంధువుల పెళ్ళికి కూడా అలాగే బయల్దేరితే, బస్సు డ్రైవరుగా చేసే మొగుడు గుమ్మంలో నిలబడి, "ఈ ఒక్క పూటకైనా అది తీసి ఇంట్లో పెట్టొచ్చు కదే" అన్నాడు. "మీరు రిటైరైన రోజున తీస్తాలెండి" అంది. ఆయన రిటైరై ఏళ్ళయింది. టెస్టరు మాత్రం ఇంకా కొప్పు దిగలేదు.

వినయం ఆవిడ సంచిలో లేని పనిముట్టు. ఆవిడతో కలిసి బజారుకి బయల్దేరితే బజారు మూసేవేళకి చేరతాం. దారిలో ప్రతి రెండో ఇంటి దగ్గరా ఆగి "ఇది నాదే" అంటుంది. కొత్తవాళ్ళు, ఈవిడకి ఇన్ని ఇళ్ళా అని నోరెళ్ళబెడతారు. ఇల్లు కాదు నాయనా, ఇంట్లో వైరింగు. గోడలు ఎవరివైతేనేం, గోడల లోపల ఉన్నది ఆవిడది. ఈ గొప్పలు కొందరికి గిట్టవు. చేసిన పని చెప్పుకోవడమే తప్పయితే, చెయ్యని పని చెప్పుకునేవాళ్ళని ఏమనాలో వాళ్ళే చెప్పాలి.

పెళ్ళికి ముందు ఆవిడ మోటార్లకి తీగ చుట్టే వైండింగు షాపులో పనిచేసింది. సన్నటి వేళ్ళున్న ఆడపిల్లలైతే తీగ తెగకుండా చుడతారని షాపాయన నమ్మకం. మోటారు లోపల రాగి తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది. ప్రతి చుట్టకీ ఒక మొదలుంటుంది, ఒక చివరుంటుంది. ఒక చుట్ట చివర తీసుకెళ్ళి ఇంకో చుట్టకి కలిపారా, మోటారు కాసేపు గుర్రుమని రొద పెట్టి, కమురు వాసన కొట్టి, చచ్చి ఊరుకుంటుంది. "ఎవరి చివర వాళ్ళదే" అన్న మాట అక్కడే ఆవిడ ఒంటికి పట్టింది. తరవాత జీవితంలో వంట గదిలో గరిటెల దగ్గర కూడా ఆ మాటే అనేది.

పెళ్ళయ్యాక ఒక వైరింగు కాంట్రాక్టరు దగ్గర చేరింది. చేరిన కొన్నాళ్ళకే ఆయన స్కూటరు మీంచి పడి, కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కాడు. పునాదులు లేచి, గోడలు లేచి, వైరింగు కోసం ఎదురుచూస్తున్న ఇల్లొకటి ఆవిడ నెత్తిన పడింది. వరండాకి గుండ్రటి మెట్లున్న ఇల్లు. నిచ్చెన మీద ఆడమనిషిని చూడటానికి వీధిలో జనం ఆగారు. ఆగినవాళ్ళు ఆగారు గానీ ఆవిడ పని ఆగలేదు.

కరెంటు ఒక తీగలో వెళ్ళి, లైటునో ఫ్యానునో నడిపించి, ఇంకో తీగలో వెనక్కి వస్తుంది. ఆ వెనక్కొచ్చే తీగని పనివాళ్ళు న్యూట్రల్ అంటారు. ఆ రోజుల్లో రాగి మిగులుతుందని అన్ని గదులకీ కలిపి ఒకే న్యూట్రల్‌తో సరిపెట్టేసేవారు. టెస్టరమ్మకి అలా చెయ్యడానికి మనసొప్పలేదు. ప్రతి గదికీ వెళ్ళే తీగనీ వచ్చే తీగనీ జంటగా, విడిగా లాగింది. చంకలో కర్రతో కుంటుకుంటూ చూడ్డానికి వచ్చిన కాంట్రాక్టరు గుడ్లెర్రజేశాడు.

"రాగేమన్నా చెట్లకి కాస్తోందనుకున్నావా?"

"మోటారులో చివరలు కలిపితే తప్పయినప్పుడు, ఇంట్లో కలిపితే ఒప్పెలా అవుతుందండీ?"

 గోడలో పెట్టే ఇనప గొట్టాల సంగతీ అంతే. కోసిన ప్రతి గొట్టం అంచునీ ఆకురాయితో అరగదీసి, వేలుపెట్టి తడిమి చూసుకున్నాకే గోడలోకి పంపింది. సిమెంటు కింద పూడిపోయేదానికి ఇంత సోకెందుకని అడిగాడు. "నేను చూశానుగా" అంది. ఆయన సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. కానీ తరవాతి ఇంటికి ఆయనే కబురుపెట్టి పిలిచాడు, ఆ తరవాతి ఇంటికీ పిలిచాడు. ఆవిడ మొదటి ఇల్లు అలా అయింది. అందుకే ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా "ఇది నాదే" అనే మనిషి, ఆ గుండ్రటి మెట్ల ముందు మాత్రం ఏమీ అనకుండా ఓసారి చూసి నడిచిపోతుంది. అంత ముద్దు.

ఇక కూతురు. నిచ్చెన కింద వైరు ముక్కలతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. డిప్లొమా చదివి అదే పనిలోకి దిగింది. ఇప్పుడు మోకాలి నొప్పితో తల్లి నిచ్చెన ఎక్కడం మానేశాక ఇళ్ళన్నీ కూతురివే. ఆ పిల్ల ఎక్కువగా స్మార్టు స్విచ్చులు పెడుతుంది. వాటిని నొక్కక్కర్లేదు, నోటితో చెప్తే చాలు, లైటు వెలుగుతుంది, ఆరుతుంది. వాటిని మొదటిసారి చూసినప్పుడు టెస్టరమ్మ, "ఇన్నేళ్ళు కాపురం చేసిన మొగుడే నా మాట వినడు, గోడకున్న స్విచ్చు వింటుందా?" అంది. స్విచ్చు వింది. ఆవిడ ముక్కుమీద వేలేసుకుని, మొగుడి వంక చూసింది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఒకరోజు సాయంత్రం కూతురు వచ్చీ రాగానే పనిముట్ల సంచి మూలన పడేసి కూలబడింది.

"ఈ పాతిళ్ళతో పడలేను అమ్మా. వైరింగు మొత్తం పాడైపోయింది. అంతా పీకేసి కొత్తది వెయ్యాల్సిందేనని ఇంటావిడకి చెప్పేశాను. రేపు మధ్యాహ్నం తాపీ మేస్త్రీ వస్తున్నాడు, గోడలు కొట్టడానికి."

"ఏ ఇల్లు?"

"వరండాకి గుండ్రటి మెట్లుంటాయి చూడు, అది. ఈమధ్యే ఒక వయొలిన్ టీచరుగారు కొనుక్కున్నారు."

టెస్టరమ్మ మడతపెడుతున్న దుప్పటి చేతుల్లోనే ఉండిపోయింది.

కూతురు ఇదేమీ గమనించలేదు. తన గోడు తను చెప్పుకుపోతోంది. టీచరుగారి వేళ్ళ కీళ్ళు వాచిపోయి, పాత స్విచ్చులు నొక్కలేకపోతున్నారు. అందుకని మాట వినే స్విచ్చులు పెట్టించుకుంటున్నారు. పెడితే, పడగ్గదుల్లో ఎల్ఈడీ లైట్లు ఆర్పినా ఆరవు. సన్నగా మిణుకుమిణుకుమంటూనే ఉన్నాయి.

"ఎందుకలా?" అంది తల్లి. అడిగింది తెలుసుకోవడానికే. ఈ కొత్త సరుకు సంగతి ఆవిడకి నిజంగానే అంతగా తెలియదు.

"స్మార్టు స్విచ్చు ఎప్పుడూ మేలుకునే ఉండాలి కదమ్మా, మనం పిలిస్తే పలకాలిగా. మేలుకుని ఉండటానికి రవ్వంత కరెంటు కావాలి. స్విచ్చు దగ్గర న్యూట్రల్ ఉంటే అక్కడికక్కడే తీసుకుని ఊరుకుంటుంది. ఆ ఇంట్లో న్యూట్రల్ పైన లైటు దగ్గరే ఉండిపోయింది, స్విచ్చు దాకా దిగలేదు. దాంతో ఈ రవ్వంత కరెంటూ లైటులోంచి పోతోంది. పాతకాలం బల్బయితే అంత కాస్తకి కన్ను కూడా తెరవదు. ఎల్ఈడీకి అదే చాలు, వెలగాలని చూస్తుంది."

"మరేం చేశావు?"

"న్యూట్రల్‌తో పనిచేసే స్విచ్చులు తెచ్చాను. గోడకి అటువైపు హాల్లో ప్లగ్గుంది. గోడకి చిన్న కన్నం వేసి, అక్కణ్ణించి న్యూట్రల్ తీసుకున్నాను. మూడు పడగ్గదులకీ అంతే. రెండు గదులు పెట్టేదాకా బాగానే ఉంది. మూడోది పెట్టగానే సేఫ్టీ బ్రేకరు టప్పున పడిపోయింది. ఎన్నిసార్లు ఎత్తినా పడుతోంది. ఎక్కడో కరెంటు లీకైతేనే కదా అది పడేది? పాత తీగలు, తొడుగులు పెళుసెక్కిపోయి ఉంటాయి. ఇంకేం చూస్తాం?"

"అది నేను వేసిన ఇల్లే" అన్న మాట టెస్టరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. అంటే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. కూతురి మొహం మారిపోతుంది. రేపు వెళ్ళి, అమ్మ వేసింది కదా అని ఏదో ఒకటి సర్దిచెప్పి, గోడలు కొట్టడం ఆపించేస్తుంది. ఆ జాలి ఆవిడకి అక్కర్లేదు. ఇల్లు నిలిస్తే తన సత్తువతో నిలవాలి. కూతురు ఇంకెవరి పనో చూస్తున్నట్టు చూసి చెప్పాలి.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆవిడ తనకి తను చెప్పుకోవడానికి కూడా ఇష్టపడలేదు. ఒకవేళ నిజంగానే పాడైపోయి ఉంటే? ఇన్నేళ్ళూ ముద్దుగా చూసుకున్నది లోపల పుచ్చిపోయి ఉంటే? గొప్పలు చెప్పుకునేవాళ్ళ భయాలు కూడా గొప్పగానే ఉంటాయి.

"రేపు నేనూ వస్తాను" అంది.

"మోకాలు నొప్పన్నావుగా?"

"మోకాలితో చూడనులే."

తెల్లారేసరికి ఆవిడ అటక మీంచి పాత మెగ్గరు దింపించి, తుడిచి, గుమ్మంలో పెట్టింది. తీగ తొడుగు గట్టిగా ఉందా, కరెంటు బయటికి కారుతోందా అన్నది చెప్పే పెట్టె అది. పిడి పట్టుకుని చేత్తో తిప్పాలి. కూతురికి బ్యాటరీతో నడిచేదొకటి ఉండేది గానీ అది రిపేరుకెళ్ళింది. అందుకే ముందురోజు తీగల్ని కొలవకుండా, వయసు చూసి తీర్పు చెప్పేసింది.

టీచరుగారు తలుపు తీసి, "మీ అమ్మగారా? రండి రండి" అని లోపలికి తీసుకెళ్ళారు. హాల్లో అడుగుపెట్టగానే టెస్టరమ్మ అక్కడే ఆగిపోయింది. గోడల నిండా సుద్దముక్కతో గీసిన గీతలు. మేస్త్రీ ఎక్కడెక్కడ కొట్టాలో కూతురు గుర్తులు పెట్టింది. పైకప్పు నుంచి స్విచ్చు దాకా, స్విచ్చు నుంచి మూల దాకా, ఎక్కడా గురి తప్పలేదు. తను ఏ దారిన గొట్టాలు పంపిందో సరిగ్గా ఆ దారినే గీసింది పిల్ల. పని నేర్చుకున్న చెయ్యి అని ఒకపక్క ముచ్చట, ఆ చెయ్యే ఈ గీతలు గీసిందని ఇంకోపక్క కడుపుమంట.

"ముందు కొలుద్దాం" అంది పొడిగా.

మెయిను ఆపేసి, స్మార్టు స్విచ్చులన్నీ ఊడదీసి, లైట్లు విప్పి, కూతురు ఒక్కో గది తీగలనీ మెగ్గరుకి తగిలించింది. తల్లి కుర్చీలో కూర్చుని పిడి తిప్పింది. తిప్పుతున్నంతసేపూ సూది వంక చూడలేదు, కూతురి మొహం వంకే చూసింది. సూది కంటే ఆ మొహమే ముందు చెప్తుందని ఆవిడకి తెలుసు.

మొదటి గదికి కూతురి కనుబొమ్మలు పైకి లేచాయి. రెండో గదికి, "ఇంకోసారి తిప్పమ్మా" అంది. మూడో గది కూడా చూశాక సూదిని వేలితో తట్టి చూసింది, ఎక్కడైనా ఇరుక్కుందేమోనని.

"చివరికంటా వెళ్ళిపోతోంది అమ్మా. చుక్క కూడా కారట్లేదు. తీగలు నిక్షేపంలా ఉన్నాయి."

టెస్టరమ్మ మెగ్గరు పిడి వదిలింది. భయం పోయింది. ఇక మిగిలింది నోరు మూసుకుని కూర్చోవడం. పుట్టిన దగ్గర్నించీ ఆవిడకి చేతకాని పని అదొక్కటే.

"మరెందుకు పడుతోంది బ్రేకరు?" అని కూతురు తనలో తను అనుకుంటూ అటూ ఇటూ నడిచింది. తల్లి గోళ్ళు చూసుకుంది, కిటికీలోంచి చూసింది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. చివరికి ఆపుకోలేక ఒక్క ప్రశ్న అడిగింది.

"నువ్వు తెచ్చిన న్యూట్రల్ ఎక్కడిదన్నావు?"

"హాలుదమ్మా. ఎక్కడిదైతేనేం, పాతిళ్ళలో అన్ని గదులకీ ఒకటే కదా..."

మాట సగంలో ఆగిపోయింది. కూతురు గిరుక్కున తిరిగి మెయిను బోర్డు దగ్గరికి వెళ్ళింది. పాత యజమాని ఎప్పుడో మార్పించిన బోర్డు అది. హాలు వైపుకి ఒక సేఫ్టీ బ్రేకరు, పడగ్గదుల వైపుకి ఒకటి. దాని ముందు కాసేపు నిలబడి, అన్న మాట తనే కాదనుకుంది.

"ఒకటే కాదు. ఒకటే అయితే ఈ బోర్డు పెట్టిన రోజే పడిపోయేది. ఇన్నేళ్ళు పడకుండా ఉందంటే ఎవరి న్యూట్రల్ వాళ్ళకి ఉన్నట్టే. బ్రేకరు చేసే పనేముంది, వెళ్ళిన కరెంటంతా తిరిగొచ్చిందా లేదా అని చూసుకుంటుంది. నేనేం చేశాను? పడగ్గది కరెంటు తీసుకెళ్ళి హాలు న్యూట్రల్లో పోశాను. ఇటు తక్కువొచ్చింది, అటు ఎక్కువొచ్చింది. ఒక స్విచ్చు తాగేది కాస్తే కాబట్టి ఊరుకుంది, మూడు కలిసేసరికి పట్టుకుంది." తల పట్టుకుంది. "నాకు పాలతోపాటు పట్టావు కదమ్మా, ఎవరి చివర వాళ్ళదేనని. నేను వేసే ఇళ్ళలో ఒక్కసారి కూడా కలపలేదు. పాతిల్లు కదా, ఎలాగూ కలిసే ఉంటుందని కలిపేశాను. అప్పట్లో కూడా ఇలా విడివిడిగా లాగినవాళ్ళు ఉన్నారా?"

"ఉండే ఉంటారు" అంది తల్లి గోడవైపు తిరిగి.

ఇక తక్కువ పనే. ప్రతి గదికీ తన న్యూట్రల్ పైకప్పులో లైటు దగ్గర ఉండనే ఉంది. అక్కణ్ణించి ఇంకో తీగని గోడలో గొట్టం గుండా స్విచ్చు దాకా దింపితే చాలు, గోడ ముట్టుకోనక్కర్లేదు. అయితే, దిగాలి. పాత గొట్టాల్లో తీగ దింపడమంటే పనివాళ్ళకి ఒళ్ళు మండే పని. మలుపులో ఇరుక్కుంటుంది, అంచుకి తగిలి తొడుగు చీరుకుంటుంది. హాలు నుంచి తెచ్చిన తీగల్ని తీసేసి, కూతురు నిచ్చెనెక్కి పైనుంచి లాగుడు స్ప్రింగు తోసింది. కింద స్విచ్చు పెట్టె దగ్గర తల్లి వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. రెండుసార్లు ఊపిరి తీసుకునేలోగా స్ప్రింగు మూతి ఆ వేళ్ళకి తగిలింది.

"వచ్చేసిందా అప్పుడే?" అంది పైనుంచి కూతురు.

స్ప్రింగుకి కొత్త తీగ కట్టి, కాస్త టాల్కం పౌడరు పూసి లాగారు. ఎక్కడా పట్టుకోలేదు. మూడు గదుల్లోనూ అంతే. మూడో గదిలో కూతురు నిచ్చెన మీదే ఆగి, గొట్టంలోకి వేలు పోనిచ్చి తిప్పింది.

"అమ్మా, అంచంతా ఎంత నున్నగా ఉందో. ఎవరో కూర్చుని అరగదీశారు. సిమెంటు కింద పూడిపోయే గొట్టాన్ని ఇంత శ్రద్ధగా ఎవరు అరగదీస్తారు?"

టెస్టరమ్మ కొప్పులో టెస్టరు సర్దుకుంది. "కబుర్లాపి బిగించు" అంది.

మెయిను వేశారు. బ్రేకరు పడలేదు. టీచరుగారిని పిలిచి లైటు వెలిగించమన్నారు. ఆవిడ కొంచెం సిగ్గుపడుతూ గాలిలోకి చెప్పారు. వెలిగింది. ఆర్పమన్నారు. కిటికీ తెరలు మూసి ముగ్గురూ తలలెత్తి చూశారు. మిణుకు లేదు, మిణుగురు లేదు. నిఖార్సయిన చీకటి.

అప్పుడే తాపీ మేస్త్రీ సుత్తీ ఉలీ సంచిలో వేసుకుని దిగాడు. గోడల మీద గీతలు చూసి, తువ్వాలు తలకి చుట్టుకుంటూ, "ఎక్కణ్ణించి మొదలెట్టమంటారు?" అన్నాడు.

టీచరుగారు కూతురి వంక చూశారు. "లైట్లు బాగైపోయాయి కదా. గోడలు ఇంకా కొట్టాలా అమ్మా? నిన్న మొత్తం పాడైపోయిందన్నావు."

టెస్టరమ్మ పౌడరు డబ్బా మూత పెడుతూ ఆగిపోయింది. ఈ జవాబు ఎన్ని రకాలుగా చెప్పొచ్చో ఆవిడకి తెలుసు. ఎలాగో బాగుచేశానని చెప్పొచ్చు. ప్రస్తుతానికి ఫరవాలేదు, ముందు ముందు చూద్దామని చెప్పొచ్చు. నిన్నటి మాటా పోదు, ఇవాళ్టి పేరూ పోదు. ఇంటివాళ్ళకి ఏం తెలుస్తుంది?

కూతురు చేతులు తుడుచుకుని టీచరుగారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"కొట్టక్కర్లేదండీ. నిన్న నేను చెప్పింది తప్పు. వైరింగులో ఏ లోపమూ లేదు, లోపం నేను కలిపిన చోట ఉంది. కొలవకుండానే చెప్పేశాను. ఇంత శుభ్రమైన పని నేను ఇంతవరకూ చూడలేదు. ఎవరొచ్చి పీకేద్దామన్నా ఒప్పుకోకండి. నేనన్నా సరే."

మేస్త్రీ తువ్వాలు విప్పుకుని, "పోన్లెండి, నాకూ నడుం నొప్పిగా ఉంది" అని వెనక్కి తిరిగాడు.

టెస్టరమ్మ తన జీవితంలో ఎందరో పనివాళ్ళని చూసింది. తప్పుని వాన మీదికి, ఎలకల మీదికి, ముందు చేసిపోయినవాడి మీదికి తోసినవాళ్ళని చూసింది. ముందు చేసిపోయినవాడు ఎదురుగా ఉండడు కదా, వాడి మీదికి తోయడం అందరికీ సుళువు. తప్పు నాదేనని ఇంటివాళ్ళ ముందు, ఇంకో పనివాడి ముందు నిలబడి చెప్పిన నోరు ఆవిడ ఇంతవరకూ వినలేదు. నిజం చెప్పాలంటే ఆవిడ నోటినుంచి కూడా ఆ మాట ఎప్పుడూ రాలేదు. పొద్దున్నించీ ఆవిడ కాపలా కాసింది తన వైరింగుకి. అది గట్టిగా ఉన్నందుకు సంతోషమే. కానీ ఇప్పుడు ఆవిడ ఛాతీ నిండిపోయింది వైరింగుని చూసి కాదు.

టీచరుగారు గోడని అరచేత్తో తడుముతూ, "ఎవరు వేశారో పాపం. బతికున్నారో లేదో. తెలిస్తే ఓసారి కృతజ్ఞత చెప్పుకునేదాన్ని" అన్నారు.

"బతికే ఉందండీ" అంది టెస్టరమ్మ. "ఈ పిల్లని కన్న మనిషే."

టీచరుగారు ఒకరి తరవాత ఒకరిని చూశారు. కూతురు కదల్లేదు. తల్లిని చూసింది, గోడని చూసింది, మళ్ళీ తల్లిని చూసింది. 

"నిన్న సాయంత్రమే చెప్తే నీ సొమ్మేం పోయేదమ్మా? రాత్రంతా కడుపులో పెట్టుకుని కూర్చున్నావా?"

"చెప్పుంటే, గోడలు కొట్టక్కర్లేదన్న మాట నువ్వు పనిని చూసి అన్నావో నన్ను చూసి అన్నావో నాకెప్పటికీ తెలిసేది కాదు" అంది టెస్టరమ్మ.